గుండె పునరావాసానికి వచ్చే రోగులకు మధుమేహం గురించి ఎంత తెలుసో ఎలా కొలవాలి?

కార్డియాక్ రిహాబ్, అంటే గుండె రోగులను వ్యాయామంతో, పాఠాలతో కోలుకునేలా చేసే విభాగంలో కొత్తగా చేరిన మీరు, మధుమేహం కూడా ఉన్న గుండె రోగులకు ఆ వ్యాధి గురించి ఎంత తెలుసో కొలవడానికి ఏ ప్రశ్నావళి మంచిదో, అందులో వచ్చే మార్కులను ఎంతవరకు నమ్మవచ్చో అడిగారు. ఫిజియోథెరపిస్టుగా 11 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఏ ప్రశ్నావళి తీసుకున్నా, రోగి నింపిన కాగితంలో మొత్తం మార్కులు మాత్రమే చూసి పక్కన పెడితే మోసపోతాము. నేను ఒకసారి అలాగే మోసపోయాను కనుక ముందు ఆ సంగతి చెబుతాను.

మొదట్లో నేను మిషిగన్ విశ్వవిద్యాలయం వారు రూపొందించిన మధుమేహ పరిజ్ఞాన పరీక్షను వాడేదాన్ని. 1998లో ప్రచురితమైన ఆ పరీక్షలో 23 ప్రశ్నలు ఉంటాయి. వాటిలో 14 అందరికీ, మిగిలిన 9 ఇన్సులిన్ వాడేవారికి. బైపాస్ తర్వాత మా దగ్గరకు వచ్చిన ఒక పెద్దాయనకు ఇన్సులిన్ లేదు కాబట్టి 14 ప్రశ్నలే ఇచ్చాను. 12 సరిగ్గా రాశారు. ఇంత తెలిసిన మనిషికి వేరే పాఠం అక్కర్లేదని ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టేశాను. మూడో వారంలో ట్రెడ్‌మిల్ మీద నడుస్తుండగా ఆయన మాట తడబడింది. చూస్తే చొక్కా అంతా తడిసి ఉంది, గ్లూకోమీటర్ 58 చూపించింది, గ్లూకోజ్ బాగా పడిపోయింది. 15 గ్రాముల గ్లూకోజ్ తాగించి, 15 నిమిషాలు ఆగి మళ్లీ పరీక్షించాక గానీ నా గుండె కుదుటపడలేదు. ఎప్పటి నుంచి ఇలా ఉందని అడిగితే, "చెమటలు ఇందాకే పట్టాయమ్మా. నడుస్తున్నాను కదా, పట్టవా మరి?" అన్నారు.

ఆయన వాడుతున్న మందుల్లో రక్తంలో గ్లూకోజ్‌ను బాగా దించగల సల్ఫోనైల్‌యూరియా మాత్ర ఒకటి, గుండె కోసం ఇచ్చిన బీటా బ్లాకర్ ఒకటి ఉన్నాయి. గ్లూకోజ్ పడిపోయినప్పుడు మామూలుగా కనిపించే చేతుల వణుకును, గుండె దడను బీటా బ్లాకర్ కప్పేస్తుంది. చెమటను మాత్రం ఆపదు. అంటే అటువంటి రోగికి మిగిలే ముఖ్యమైన హెచ్చరిక చెమటే, కానీ వ్యాయామం చేసే చోట అది ఎవరికీ హెచ్చరికలా కనిపించదు. ఆయన కాగితాన్ని మళ్లీ తీసి చూశాను. వ్యాయామం గ్లూకోజ్‌ను తగ్గిస్తుందా, పెంచుతుందా అన్న ప్రశ్నకు తగ్గిస్తుందని సరిగ్గానే గుర్తు పెట్టి ఉన్నారు. తెలిసిన విషయమే, తన ఒంటి మీదికి వచ్చేసరికి అక్కరకు రాలేదు.

అప్పటి నుంచి నేను ఎంచుకునే ప్రశ్నల తీరు మారింది. రిహాబ్‌కు వచ్చే మధుమేహ రోగుల కోసమే టొరంటో పరిశోధకులు డేట్-క్యూ అనే ప్రశ్నావళిని తయారు చేశారు. అందులో ప్రతి వాక్యానికి అవును, కాదు, తెలియదు అనే మూడు జవాబులు ఉంటాయి. మీకు వీలైతే దానితోనే మొదలుపెట్టమని చెబుతాను. ఏది వాడినా, రెండు జబ్బులు కలిసే చోటికి సంబంధించిన కొన్ని ప్రశ్నలను నోటితో విడిగా అడుగుతాను. ఇన్సులిన్ గానీ సల్ఫోనైల్‌యూరియా గానీ వాడేవారు వ్యాయామానికి ముందు గ్లూకోజ్ 90 కన్నా తక్కువగా ఉంటే ఏం చేయాలి? సాయంత్రం ఎక్కువ నడిస్తే అర్ధరాత్రి గ్లూకోజ్ పడిపోవచ్చని తెలుసా? నరాలు దెబ్బతిన్న మధుమేహ రోగికి గుండె కండరానికి రక్తం చాలకపోయినా ఛాతీ నొప్పి రాకపోవచ్చని, ఆయాసమో విపరీతమైన నీరసమో మాత్రమే కనిపించవచ్చని ఎవరైనా చెప్పారా? ఈ చివరి ప్రశ్నకు "నొప్పి లేకపోతే గుండె బాగున్నట్టే" అని ధీమాగా చెప్పినవారిని చాలామందిని చూశాను.

ఆ ధీమాయే మనం కొలవవలసిన అసలు విషయమని నా అభిప్రాయం. "తెలియదు" అన్న రోగికీ, తప్పును నిజమని నమ్మిన రోగికీ మార్కుల్లో ఒకే సున్నా పడుతుంది. మొదటివారు అడిగి తెలుసుకుంటారు, రెండోవారికి అడగాలని కూడా తోచదు. అందుకని మార్కుల పక్కన తప్పు జవాబులెన్ని, "తెలియదు"లెన్ని అని వేరుగా రాసుకోండి. "తెలియదు" అనే గడి లేని ప్రశ్నావళి అయితే ఆ గడిని చేర్చాక ఇవ్వండి. అది లేకపోతే రోగులు ఊహించి టిక్కు పెడతారు. అయితే గడిని చేర్చినప్పుడు మీ మార్కులను ఇతరులు ప్రచురించిన మార్కులతో పోల్చకూడదు.

తెలుగులో అడిగేటప్పుడు ఒక చిక్కు ఉంది. షుగర్ అంటే మనకు వ్యాధి, పరీక్షలో వచ్చే అంకె, తినే పంచదార మూడూ అవుతాయి. ప్రశ్నలో ఆ మాట వస్తే రోగి ఏ అర్థంలో తీసుకున్నారో తెలియదు. అనువాదాన్ని మరొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి రాయించి మూలంతో పోల్చడం, ఆ తర్వాత నలుగురైదుగురు రోగులతో చదివించి అర్థమైనదేమిటో చెప్పించడం తప్పనిసరి. మూల ప్రశ్నలో పేర్కొన్న ఆహారం రోగి ఎన్నడూ చూడనిదైతే, ఆ తప్పు మధుమేహం గురించి తెలియకపోవడం వల్ల వచ్చినది కాదు.

జవాబులు ఎవరివన్నది కూడా చూడండి. భర్త కాగితం నింపుతుంటే పక్కనుంచి భార్య అందించడం తరచుగా జరుగుతుంది. నేను ఆమెను ఆపను, ఆమెకు మరో కాగితం ఇస్తాను. మాత్రలు పెట్టేది ఆవిడే అయితే ఆవిడకు తెలిసినదీ లెక్కలోకి రావాలి, కానీ ఆయన మార్కులతో కలపకుండా విడిగా రావాలి.

ఇక మార్కులను ఎంత నమ్మవచ్చన్నది. ఆసుపత్రి నుంచి వచ్చిన మొదటి రోజుల్లో నిద్రలేమి, భయం, నొప్పి మధ్య రాసిన జవాబులను నేను నమ్మను. రెండు మూడు సెషన్లు గడిచాక అడుగుతాను. కోర్సు ముగిసేటప్పుడు అదే కాగితం ఇస్తే కొంత పెరుగుదల జ్ఞాపకం వల్ల రావచ్చు. మధ్యలో మానేసినవారిని వదిలి, చివరిదాకా నిలిచినవారి సగటును మొదట్లో అందరి సగటుతో పోల్చితే మన పాఠం ఉన్నదానికన్నా గొప్పగా కనిపిస్తుంది. కనుక చివరి దాకా వచ్చినవారి మొదటి మార్కులతోనే వారి చివరి మార్కులను పోల్చండి. రెండు మూడు నెలల సగటు గ్లూకోజ్‌ను చూపే హెచ్‌బీఏ1సీ తగ్గిందంటే మార్కులు పెరగడం వల్లేనని కూడా రాయకండి. ఆ నెలల్లోనే డాక్టరు మందులు మార్చి ఉంటారు, రోగి రోజూ నడుస్తూ ఉంటారు. ఆ మూడింటిలో దేని వాటా ఎంతో మన చేతిలోని కాగితం విడదీసి చెప్పలేదు.