పెట్టె మీది వయసు ఎవరి కోసం?

పిల్లల పెంపకంపై పాఠకుల సందేహాలకు కేటాయించిన ఈ శీర్షికకు ఈసారి నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు బొమ్మల గురించీ, ఆటల గురించీ ఉన్నాయి. వాటిలో ఆరింటిని ఎంచుకుని ఇక్కడ జవాబులిస్తున్నాను.

ప్రశ్న: మా బాబుకు రెండేళ్ల నాలుగు నెలలు. వయసుకు మించిన చురుకుదనం ఉందని చూసినవారంతా అంటారు. మా తమ్ముడు వాడికోసం బిల్డింగ్ బ్లాకుల పెట్టె తెచ్చాడు. దానిమీద '3 ఏళ్లు పైబడినవారికి' అని రాసి ఉంది. పిల్లవాడు తెలివైనవాడే కదా, ఇప్పుడే ఇవ్వవచ్చునా?
— ఒక తల్లి, కావలి

జవాబు: ఇవ్వకండమ్మా. ఈ పొరపాటు చాలా ఇళ్లలో జరుగుతోంది కనుక కాస్త వివరంగా రాస్తాను. పెట్టె మీద అచ్చువేసిన వయసును మనం తెలివితేటలకు కొలతగా చదువుకుంటున్నాం; మూడేళ్ల పిల్లల ఆటను మావాడు రెండేళ్లకే ఆడేస్తున్నాడని మురిసిపోతున్నాం. కానీ ఆ మూడేళ్ల హద్దును పెట్టింది పిల్లవాడి బుద్ధిని చూసి కాదు, గొంతును చూసి. ఆ వయసులోపు పిల్లలు చేతికందినదల్లా నోట్లో పెట్టుకుంటారు; వారి శ్వాసనాళం సన్నం, అడ్డుపడినదాన్ని దగ్గి బయటికి నెట్టే బలమూ తక్కువ. ఎంత చురుకైన పిల్లవాడికైనా ఆ వయసులో గొంతు అంతే ఉంటుంది.

బొమ్మలను పరీక్షించేచోట సుమారు 32 మిల్లీమీటర్ల వ్యాసమున్న చిన్న గొట్టం ఒకటి వాడతారు. బొమ్మగానీ, దాని నుంచి ఊడివచ్చే ముక్కగానీ ఆ గొట్టంలో పూర్తిగా ఇమిడిపోతే అది మూడేళ్లలోపు పిల్లలకు పనికిరాదు. ఇంట్లో ఇంకొంచెం జాగ్రత్తగా ఉండడం మంచిది కనుక, పాత క్యాలెండర్ కాగితాన్ని చుట్టి, స్కేలు పెట్టి చూసి, నోరు 4 సెంటీమీటర్ల వెడల్పు ఉండేలా అతికించండి. మీ తమ్ముడు తెచ్చిన పెట్టెలోని ముక్కలను ఒక్కొక్కటిగా అందులో వేసి చూడండి. బ్లాకులు పెద్దవే కావచ్చు. వాటితోపాటు ఇచ్చే చక్రాలు, మనిషి బొమ్మకు తొడిగే టోపీ జారి కిందపడతాయి. పెట్టెను మూడో పుట్టినరోజు దాకా అటక మీద ఉంచండి. ఈలోపు మీ వంటింట్లో ఒకదానిలో ఒకటి ఇమిడే స్టీలు గిన్నెలు, వాటి మూతలు ఇచ్చి చూడండి. ఏ మూత దేనికి సరిపోతుందో వెతుక్కుంటూ వాడు అరగంట కూర్చున్నా ఆశ్చర్యపోకండి.

కొనేటప్పుడు మరొక సంగతి కూడా చూసుకోవాలి. 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఆ గుర్తు కింద సీఎం/ఎల్ అన్న అక్షరాలతో లైసెన్సు సంఖ్య ఉంటుంది. అది నిజమైనదో కాదో, ఆ గుర్తును ఇచ్చే భారత ప్రమాణాల సంస్థ వారి 'బీఐఎస్ కేర్' యాప్‌లో సరిచూసుకోవచ్చు. నమోదైన హస్తకళాకారులు చేసే బొమ్మలకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది కాబట్టి, ఏటికొప్పాక లక్కబొమ్మ మీద గుర్తు లేదని అనుమానపడనక్కరలేదు. కొండపల్లి బొమ్మలు మాత్రం కొలువులో పెట్టుకుని చూడవలసినవి, పసివాడి చేతికి ఇవ్వవలసినవి కావు.

ప్రశ్న: మా అబ్బాయికి ఐదేళ్లు. ఎంతో ఆశపడి 100 ముక్కల జిగ్‌సా పజిల్ కొనిచ్చాను. పది నిమిషాలు కూర్చుని, ముక్కలు విసిరేసి లేచిపోతున్నాడు. వాడికి ఏకాగ్రత లేదేమోనని బెంగగా ఉంది.
— ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: తనకు చేతకాని పని ముందు ఐదేళ్ల పిల్లవాడు పది నిమిషాలు కూర్చున్నాడంటే వాడి ఓపికను మెచ్చుకోవాలి. ఇక్కడ పొరపాటు ముక్కల లెక్కలోనే ఉంది. రెండేళ్ల వారికి పట్టుకునే పిడి ఉన్న చెక్క పజిల్, అంటే ఏనుగు గుంటలో ఏనుగు, మామిడిపండు గుంటలో మామిడిపండు పెట్టేది చాలు. మూడేళ్లకు పది ముక్కల లోపు, నాలుగేళ్లకు 12 నుంచి 24, ఐదేళ్లకు 24 నుంచి సుమారు 50 వరకు. ఆరేడేళ్లు వచ్చి, అలవాటు కుదిరాక 100. ఇవి శిలాశాసనాలు కావు, పిల్లలందరూ ఒక్కలా ఉండరు. అయితే ముక్కల సంఖ్య ఒక్కటే చూస్తే చాలదు, బొమ్మను కూడా చూడాలి. సగం ఆకాశం, సగం సముద్రం ఉన్న చిత్రంలో ముక్కలన్నీ ఒకే నీలంగా ఉండి పెద్దలకే చిక్కు తెస్తాయి. ఎర్రచీర కట్టుకున్న మనిషి, తెల్లటి ఒంగోలు గిత్త, పచ్చటి పొలం ఉన్న చిత్రమైతే ముక్క చేతిలోకి తీసుకోగానే అది ఎక్కడిదో పిల్లవాడికి ఊహ అందుతుంది.

నేర్పే పద్ధతి ఒకటి చెబుతాను, ప్రయత్నించండి. మొదట మీరే పజిల్ అంతా పేర్చి, ఒక్క ముక్క తీసి వాడి చేతికి ఇవ్వండి. పెట్టేశాక రెండు తీయండి, తరువాత నాలుగు. పూర్తిచేసిన సంతోషం మొదటిరోజే వాడికి దక్కుతుంది, కష్టం మాత్రం మెల్లమెల్లగా పెరుగుతుంది. ఆ సమయంలో వాడి వేళ్లను గమనించండి. ముక్క సరిపోకపోతే ముందు బలంగా నొక్కుతాడు, అరచేత్తో గుద్దుతాడు. కొన్నాళ్లకు ఒకరోజు నొక్కడం ఆపి, ముక్కను కాస్త పైకెత్తి, చుట్టూ తిప్పి చూస్తాడు. పజిల్ నేర్పే పాఠమంతా ఆ తిప్పి చూడడంలోనే ఉంది. ఆ క్షణంలో మనం చేయి చాచి 'ఇలా కాదురా, అలా' అంటే ఆ పాఠాన్ని వాడి చేతిలోంచి లాక్కున్నట్లే.

జిగ్‌సా పజిల్ పుట్టిందే పిల్లల చదువు కోసం. 1760లలో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే పటాల తయారీదారు దేశపటాన్ని పలుచటి చెక్కకు అంటించి, సరిహద్దుల వెంబడి కోసి, భూగోళపాఠం కోసం అమ్మాడు. మీరు కూడా ఇంట్లోనే చేసుకోవచ్చు. దళసరి పెళ్లి శుభలేఖ అట్ట మీద వాడికి నచ్చిన చిత్రాన్ని అతికించి, బాగా ఆరనిచ్చి, ముందు ఆరు ముక్కలుగా కోయండి. అది తేలికైపోయాక ఒక్కో ముక్కను మళ్లీ రెండుగా కోస్తే పన్నెండవుతాయి. వాడి ఎదుటే కోయండి. కొనిచ్చిన 100 ముక్కల పెట్టెను ఏడాదిపాటు దాచిపెట్టండి, వృథా పోదు.

ప్రశ్న: మనవరాలికి ఆరేళ్లు, మనవడికి ఏడాదిన్నర. సెలవులకు పిలకాయలు బెంగళూరు నుంచి వస్తే నేను వామనగుంటలు ఆడిస్తాను. కోడలు నా మీద గౌరవం ఉన్నదే, కానీ చదువుకు పనికొచ్చే ఆటలు ఆడించమంటుంది. చింతపిక్కలు చిన్నవాడు మింగుతాడని కూడా ఆమె భయం. మా ఇద్దరిలో ఎవరి మాట సబబు?
— ఒక నాయనమ్మ, పొదలకూరు

జవాబు: అమ్మా, చదువు సంగతిలో మీరే రైటు, పిక్కల సంగతిలో మీ కోడలే రైటు.

ముందు చదువు సంగతి. వామనగుంటల పీటకు రెండు వైపులా ఏడేసి, మొత్తం 14 గుంటలు. గుంటకు ఐదు గింజల చొప్పున పోస్తే 70. గుంటలోని గింజలన్నీ ఎత్తి తరువాతి గుంటల్లో ఒక్కొక్కటి చొప్పున వేసుకుంటూ పోయే పిల్లకు, ఒక అంకెకు ఒక వస్తువు అనే లెక్క వేళ్ల చివరే కుదురుతుంది. నోటితో వంద వరకు ఒప్పజెప్పగలిగి కూడా పది గింజలు తడబడకుండా లెక్కపెట్టలేని పిల్లలను నేను చూశాను. వారికి కావలసింది సరిగ్గా ఇటువంటి ఆట. రెండో వారం వచ్చేసరికి మీ మనవరాలు గింజలు ఎత్తే ముందు కాసేపు ఆగి కళ్లతో గుంటలు లెక్కపెట్టుకుంటుంది. ఖాళీ గుంట తరువాత ఉన్న గింజలు తనకు దక్కాలంటే ఎక్కడ ఎత్తుకోవాలో ఆలోచిస్తోందన్నమాట. ఈ ముందుచూపు కోసమే చాలామంది వేలు పోసి ఆటవస్తువులు కొంటున్నారు. బడి పాఠ్యపుస్తకాలు రూపొందించే జాతీయ సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ వారు 3 నుంచి 8 ఏళ్ల పిల్లల కోసం 2023 ఫిబ్రవరిలో తెచ్చిన 'జాదూయీ పిటారా' (మాయపెట్టె)లో కూడా బొమ్మలు, పజిల్‌లు, తోలుబొమ్మల వంటివే ఉన్నాయి. ఆ వయసు వారికి ఆటే చదువని జాతీయ విద్యావిధానమే ఒప్పుకుంది. ఈ మాట మీ కోడలికి చదివి వినిపించండి.

పాపకు ఏడేళ్లు వచ్చాక అష్టాచెమ్మా, ఇంకొంచెం ఎదిగాక మూడు పులులు, పదిహేను మేకలతో ఆడే పులి-మేక నేర్పండి. అష్టాచెమ్మాలో గవ్వలు ఎలా పడితే అలా నడవాలి, పులి-మేకలో గవ్వలు వేయడం లేదు, అంతా ఆలోచనే. అందుకే దానికి కాస్త వయసు కావాలి. వైకుంఠపాళిలో పాము మింగగానే ఏడ్చే పిల్లలు ఈ ఆటల దాకా వచ్చేసరికి ఓటమికి కొంత అలవాటుపడి ఉంటారు. ఏడ్చినప్పుడు కావాలని ఓడిపోయి గెలిపించకండి, పిల్లలు కనిపెట్టేస్తారు. దానికి బదులు ఆట చిన్నదిగా చేసి వెంటనే ఇంకొకటి మొదలుపెట్టండి.

ఇక పిక్కల సంగతి. ఏడాదిన్నర బిడ్డ తిరిగే ఇంట్లో చింతగింజ, గవ్వ, గచ్చకాయ, వేరుశనగ గింజ నిజంగా ప్రమాదకరమైనవి. చిన్నవాడు నిద్రపోతున్నప్పుడు, మంచం మీదనో మేడ మీదనో ఆడుకోండి. ఆటకు ముందు 70, ఆట తరువాత 70 లెక్కపెట్టి మూత బిగువుగా ఉన్న డబ్బాలో పోసే బాధ్యత పాపకే అప్పగించండి. ఒక్కటి తగ్గినా దొరికేదాకా వెతకాలి. ఎప్పుడైనా గొంతులో ఏదైనా అడ్డుపడితే, పైకి కనబడని వస్తువు కోసం వేలు పెట్టి కెలకకూడదు, అది ఇంకా లోపలికి పోతుంది. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ప్రశ్న: పాపకు మూడున్నరేళ్లు. బడిలో అప్పుడే అక్షరాలు రాయమంటున్నారు. పెన్సిల్ పట్టు రావడంలేదు. రాత నేర్పే బొమ్మలు ఏవైనా కొనాలా?
— ఒక తల్లి, మార్కాపురం

జవాబు: పలకల ఊళ్లో ఉండి మీరు రాత నేర్పే బొమ్మ కోసం బయట వెతకనక్కరలేదు. అయితే పలక మీద కూడా ఇప్పుడే అక్షరాలు దిద్దించకండి. పలకను నేలమీద పెట్టి, సుద్దముక్కతో చేయి మొత్తం కదిలేలా పెద్దపెద్ద సున్నాలు, నిలువుగీతలు గీయనివ్వండి. తడిగుడ్డతో తుడిచి మళ్లీ గీసుకునే వీలు కాగితానికి లేదు. బలపాలు కొరికి తినే అలవాటు చాలామంది పిల్లలకు ఉంటుంది, అదొకటి గమనిస్తూ ఉండండి.

పెన్సిల్ పట్టుకు ముందు వేళ్లకు బలం రావాలి. చపాతీ పిండి ముద్ద ఇచ్చి పాములు, ఉండలు, లడ్డూలు చేయించండి, పాత వార్తాపత్రికను వేళ్లతో సన్నని పేలికలుగా చింపించండి, తువ్వాలు పిండించండి, పెద్ద రంధ్రమున్న చెక్కపూసలను చెప్పుతాడుకు గుచ్చమనండి. పూస ఒక చేతిలో, తాడు ఒక చేతిలో పట్టుకుని, కొస రంధ్రంలోంచి బయటికి రాగానే మొదటి చేతిని వదిలి ఆ కొసను అందుకోవడం మనకు తేలికగా కనబడుతుంది గానీ, మూడున్నరేళ్ల పాపకు అది చాలా పెద్ద పని. ఈ వయసులో అక్షరం రాకపోవడం లోపం కాదని బడివారికి మర్యాదగానే, గట్టిగా చెప్పండి. ఆ ఒత్తిడి పాప మీద పడకుండా చూడడం మన బాధ్యత.

ప్రశ్న: నాలుగేళ్ల మా బాబు లక్కపిడతలు కావాలని మారాం చేస్తున్నాడు. ఆడపిల్లల బొమ్మలని వాళ్ల నాన్న ఒప్పుకోవడం లేదు.
— ఒక పాఠకురాలు, కనిగిరి

జవాబు: కొనివ్వండి. వంట చేసినట్టు, వడ్డించినట్టు, అతిథి వచ్చినట్టు నటిస్తూ పిల్లలు మాటలు, మర్యాదలు, వరస నేర్చుకుంటారు. ఇందులో ఆడ, మగ తేడా లేదు. మొదటి విస్తరి నాన్నకే వేయమనండి, ఆయన కూర్చుంటారు.

ప్రశ్న: రొట్టెల పండుగకు వెళ్లినప్పుడు స్వర్ణాల చెరువు దగ్గర పిల్లలకు రంగుదీపాలు వెలిగే బొమ్మలు కొన్నాం. ఇంటికొచ్చాక ఒకదాని వెనక మూత దానంతటదే ఊడి గుండ్రటి చిన్న బ్యాటరీలు కింద పడ్డాయి. పారేయాలా, టేపు వేసి వాడుకోవచ్చునా?
— ఒక తండ్రి, నెల్లూరు

జవాబు: ఆ బొమ్మను వెంటనే పిల్లల చేతిలోంచి తీసేయండి. టేపు పరిష్కారం కాదు. పిల్లల గోళ్లకు అది ఎంతోసేపు ఆగదు. బిళ్లలాంటి ఆ బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే లాలాజలంతో కలిసి రెండు గంటల్లోపే కణజాలాన్ని తీవ్రంగా కాల్చగలదు. మింగాడన్న అనుమానం వచ్చినా సరే, దగ్గు లేదు, నొప్పి లేదని ఆగకుండా, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, నేరుగా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవాలి. అయస్కాంతపు గోళీల ఆటవస్తువులు కూడా ఇటువంటివే: రెండు మింగితే పేగుల గోడలకు అటూ ఇటూ చేరి ఒకదాన్నొకటి లాక్కుని రంధ్రం చేస్తాయి.

తిరునాళ్లలో బొమ్మ కొనడం మానమని నేను అనను. బుడగ, గాలిరంగుల రాట్నం, మట్టిబొమ్మ చేతిలో పెట్టుకుని పిల్లలు ఇంటికి రావడం పండుగలో భాగం. పగిలిన బుడగ తునకలను మాత్రం వెంటనే ఏరేయండి, అవీ గొంతుకు అడ్డుపడతాయి. బ్యాటరీ బొమ్మే కావాలంటే, మూత స్క్రూడ్రైవరుతో తప్ప తెరుచుకోనిది కొనండి. అంగడి దగ్గరే వేలితో తీసి చూడండి, ఊడివస్తే అక్కడే వదిలేయండి. ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న బ్యాటరీలను లెక్కపెట్టి, రెండు వైపులా టేపు అంటించి, అలమరలో పైఅరలో పెట్టి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేచోట ఇచ్చేయండి. వెలగడం మానేసిన బ్యాటరీలో కూడా కాల్చేంత శక్తి మిగిలే ఉంటుంది.