పిల్లల గదిలో సముద్రం: వాయిదాల మీద తెచ్చుకోవాలా?

ప్రశ్న: సొంతింట్లోకి మారి ఏడాదయింది. పిల్లలిద్దరికీ (ఏడేళ్లు, పదేళ్లు) సముద్రమంటే ప్రాణం. వాళ్ల గదిలో, మా పడకగదిలో, హాల్లో ఒక్కో గోడకి అలలు, తిమింగలాలు, పగడాల దిబ్బలు ఉన్న పెద్ద మ్యూరల్ (గోడంతా నిండే బొమ్మ) వేయించాలని ఉంది. ఇంటి నెల జీతాన్ని 100 అనుకుంటే మూడు గోడలకీ కలిపి 120 చెప్పారు. వడ్డీ లేకుండా 12 వాయిదాల్లో కట్టొచ్చట, ఒకేసారి కడితే 5 శాతం తగ్గిస్తారట. బొమ్మ డిజైన్‌కి విడిగా డబ్బు అడుగుతున్నారు. పిల్లల గదిలో గోడ 12 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు; దాని ముందు 6 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు బీరువా ఉంది, పిల్లల మంచం బీరువా లేని వైపు ఉంది. ఖర్చులన్నీ పోను నెలకు 15 మిగులుతోంది. క్రెడిట్ కార్డు మీద 40 బాకీ ఉంది, నెలకు 3 శాతం వడ్డీ. అత్యవసరానికి దాచింది నెలన్నర ఖర్చులకు సరిపోతుంది. మావారు ఇది దండగ అంటున్నారు. ఇంటి విలువ పెరుగుతుందని అమ్మేవాళ్లు చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ ఇద్దరి మధ్య మాట తేల్చేద్దాం. పిల్లలు నిద్ర లేవగానే తిమింగలం కనబడాలని కోరుకోవడం దండగ కాదు. అలాగని అది పెట్టుబడీ కాదు. రేపు ఇల్లు కొనేవాళ్లు మీ పగడాలను చూసి ఎక్కువ ఇవ్వరు. ఈ గోడకి మళ్లీ రంగు వేయించడానికి ఎంతవుతుందో లెక్కేసుకుంటారు. కాబట్టి ఇంటి విలువ మాట పక్కన పెట్టేయండి. ఇది సంతోషం కోసం పెట్టే ఖర్చు. అలాంటి ఖర్చు చేతిలో ఉన్న డబ్బుతో పెట్టాలి, అప్పుతో కాదు. నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే ఉంటుంది.

వడ్డీ లేని వాయిదా అన్నారు కదా, దాన్ని కాస్త దగ్గరగా చూడండి. ఒకేసారి కడితే 114కి వచ్చే వస్తువుకి మీరు ఏడాది పాటు నెలకు 10 చొప్పున 120 కడుతున్నారు. ఆ తేడా 6 వడ్డీయే, పేరు మాత్రం పెట్టలేదు. నెలనెలా అసలు తగ్గుతూ పోతుంది కాబట్టి లెక్క కడితే ఇది ఏడాదికి దాదాపు తొమ్మిదిన్నర శాతం వడ్డీ అవుతుంది. దీనికి తోడు ప్రాసెసింగ్ ఫీజు ఉందేమో అడగండి.

తొమ్మిదిన్నర శాతం మరీ భయపడాల్సిన వడ్డీ కాదు, నిజమే. నా భయం వేరే. నెలకు 10 వాయిదాకి పోతే మీకు మిగిలేది 5. ఆ 5తో కార్డు బాకీ తీర్చాలంటే 10 నెలలు పడుతుంది, వడ్డీ కింద 6 దాటి పోతుంది. అదే 15 మొత్తం కార్డుకే కడితే మూడో నెలలో బాకీ తీరిపోయి, ఇంకా రెండున్నర పైనే చేతిలో మిగులుతుంది. ఆ పది నెలల్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా, ఫ్రిజ్ పాడైనా, మీరు మళ్లీ గీకేది ఆ కార్డే. సముద్రం బొమ్మ చూసినప్పుడల్లా ఆ టెన్షన్ గుర్తొస్తే ఇక దేనికండీ అది?

మూడు గోడలు అన్నారు. నా సలహా: ఇప్పటికి ఒక్క గోడ, అదీ పిల్లల గదిలోదే. హాలు, మీ పడకగది ఆగగలవు. ఏడేళ్ల వయసు ఆగదు.

ఆ గోడ కొలత 12 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు అని, దాని ముందు 6 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు బీరువా ఉందని రాశారు. అంటే 108 చదరపు అడుగుల్లో 42 అడుగుల సముద్రం బీరువా వెనకే ఉంటుంది. ఎవరూ చూడని చేపలకి మీరు డబ్బు కడుతున్నారు! బీరువా పక్కనున్న 6 అడుగుల ఖాళీ, పైకప్పు దాకా, అంటే 54 చదరపు అడుగులు చాలు. ఒక గోడకి 40 అనుకుంటే ఇది 20కి దిగుతుంది. పిల్లల మంచం ఆ వైపే కాబట్టి పడుకుని చూసేది కూడా ఆ భాగాన్నే.

ఆ 20తో పని అయిపోదు. గోడకి లప్పం, ప్రైమర్ కావాలి. కొన్నేళ్లకి తీసేసి మామూలు రంగు వేయించే ఖర్చు ఉంటుంది, దాన్ని ఇప్పుడే పక్కన పెట్టాలి. అన్నీ కలిపి 30 అనుకోండి. మొదటి మూడు నెలలు మిగులంతా కార్డుకి. నాలుగో నెల నుంచి 15లో 9 అత్యవసర నిధికి, 6 సముద్రానికి. అయిదు నెలల్లో 30 చేరుతుంది. అంటే ఎనిమిది నెలలు ఆగాలి. ఆ 6ని జీతం పడిన రోజే వేరే పొదుపు ఖాతాలోకి వెళ్లేలా పెట్టండి, నెలాఖరున మిగిలితే వేద్దామనుకుంటే మిగలదు. ఖాతాకి ఏం పేరు పెట్టాలో పిల్లల్నే అడగండి. నెలనెలా ఎంత చేరిందో వాళ్లే కాగితం మీద చేప బొమ్మ వేసి రంగు నింపుకుంటారు. పదేళ్ల పిల్లకి డబ్బు గురించి ఇంతకన్నా మంచి పాఠం నేను చెప్పలేను.

ఈ ఎనిమిది నెలలూ వృథా కావు. ఒక వానాకాలం గడిస్తే గోడ సంగతి బయటపడుతుంది. ఇది నాకు అనుభవం మీద తెలిసింది. మా ఇంట్లో చదువుకునే గదిలో నీలి సముద్రం వాల్‌పేపర్ అంటించాం. ఆ గోడకి అవతల బాత్రూమ్. వేసినవాళ్లు ఆ మాట అడగలేదు, నేనూ ఆలోచించలేదు. కొన్ని నెలలకి కింది మూల చిన్నగా పైకి లేచింది, వేలితో నొక్కితే మళ్లీ లేచింది. ఇంకొన్నాళ్లకి అల నురగ మీద నల్ల చుక్కలు కనిపించాయి. అవి బొమ్మలోవేమో అనుకున్నాను. పీకి చూస్తే వెనకంతా బూజు, కాగితంతో పాటు ప్లాస్టరు పెచ్చులూ ఊడి వచ్చాయి. బొమ్మకి పెట్టినదానికన్నా గోడ బాగుచేయించడానికే ఎక్కువైంది. చెమ్మ ఉన్న గోడ మీద డబ్బు పెట్టొద్దని అప్పటి నుంచి అడిగిన ప్రతివాళ్లకీ చెబుతున్నాను.

చెమ్మ చూసుకోవడానికి పైసా ఖర్చు లేదు. రెండడుగుల ప్లాస్టిక్ షీటు ముక్కని నాలుగు వైపులా టేపుతో గోడకి గట్టిగా అంటించి, రెండు రోజులు వదిలేయండి. తీసేటప్పుడు గోడ వైపు నీటి బిందువులుంటే లోపల తేమ ఉన్నట్టే. అది తగ్గేదాకా ఆగండి. ఇంకో పరీక్ష, అరచేత్తో గోడని గట్టిగా రుద్దండి. తెల్లపొడి అంటుకుంటే స్టిక్కర్ రకం (వెనక జిగురుతోనే వచ్చే బొమ్మ) దాని మీద నిలవదు, పట్టుకోవడానికి దానికి గట్టి పొర కావాలి. కొత్తగా రంగు వేయించినా మూడు నాలుగు వారాలు ఆరనివ్వాలి.

ఏ రకం అని అడగలేదు గానీ, ఖర్చంతా దాని మీదే ఉంది కాబట్టి చెబుతాను. చేత్తో వేయించే అక్రిలిక్ రంగుల బొమ్మకి పనిగంటలు ఎక్కువ. అయితే పిల్లలు గీతలు గీస్తే అక్కడికక్కడే సరిదిద్దుకోవచ్చు, పదేళ్ల తర్వాత కాస్త గీకి పైన రంగు వేస్తే సరిపోతుంది. స్టిక్కర్ రకం నున్నటి గోడకే, పెద్దగా గొడవ లేకుండా ఊడి వస్తుంది. ఇష్టాలు త్వరగా మారే పిల్లల గదికి అది నయం. జిగురు రాసి అంటించే నాన్‌వోవెన్ (నేయకుండా పీచును అదిమి చేసిన) వాల్‌పేపర్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. ధర పక్కన ఇంకో అంకె రాసుకోండి: ఎన్నేళ్లు ఉంటుంది? 20 పెట్టి నాలుగేళ్లు చూసే బొమ్మ ఏడాదికి 5. 28 పెట్టి ఎనిమిదేళ్లు చూసేది ఏడాదికి మూడున్నర. కానీ మీ చిన్నవాడికి పదకొండేళ్లు వచ్చేసరికి తిమింగలాలు చిన్నపిల్లల వ్యవహారంగా అనిపించొచ్చు. కార్టూన్ కళ్లున్న చేపలు కాకుండా అలలు, లోతు నీళ్లు, దూరంగా ఈదే ఒక తిమింగలం ఎంచుకుంటే ఆ బొమ్మ ఎక్కువ ఏళ్లు నిలుస్తుంది.

ఎండ కూడా చూసుకోండి. కిటికీ దగ్గర ఏళ్ల తరబడి ఉన్న పోస్టర్లు చివరికి నీలంగా మిగలడం చూసే ఉంటారు. ముద్రణ రంగుల్లో సాధారణంగా పసుపు, మెజెంటా (ముదురు గులాబీ) ముందు వెలిసిపోతాయి, సయాన్ (ఆకుపచ్చ ఛాయ ఉన్న నీలం) నిలబడుతుంది. అంటే మీ గోడ మీద నీళ్లు అలాగే ఉంటాయి, నారింజ చేపలూ గులాబీ పగడాలూ ముందుగా పోతాయి. గోడ మీద నేరుగా ఎండ పడుతుంటే రంగురంగుల పగడాల దిబ్బకి ఎక్కువ డబ్బు పెట్టకండి.

బొమ్మ డిజైన్‌కి విడిగా డబ్బు అడుగుతున్నారని రాశారు. అది తప్పించుకోవచ్చు. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ 1831 ప్రాంతంలో చెక్క అచ్చుతో వేసిన పెద్ద అల బొమ్మకి ఇప్పుడు కాపీరైట్ లేదు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం తన దగ్గరున్న అలాంటి బొమ్మల ఫొటోలను 2017 నుంచి ఎవరైనా ఏ పనికైనా ఉచితంగా వాడుకోనిస్తోంది. ఫోన్లో తీసిన సముద్రం ఫొటో పెట్టాలనుకుంటే మాత్రం లెక్క చూసుకోండి. 12 అడుగులంటే 144 అంగుళాలు. అంగుళానికి 100 చుక్కలు (పిక్సెళ్లు) కావాలంటే 14,400 ఉండాలి, 4,000 చుక్కల వెడల్పున్న ఫొటో అంగుళానికి 28 కూడా ఇవ్వదు. 6 అడుగుల ముక్కకి సాగదీసినా 56 దాటదు. మంచం పక్కన నిలబడి చూస్తే చేప మసకగా కనిపించొచ్చు.

డబ్బు మొత్తం ముందే ఇవ్వకండి. మూడో వంతు అడ్వాన్సు. గోడని పైన, మధ్యన, కింద మూడు చోట్ల కొలిచి, అసలు సైజులో అచ్చువేసిన ఒక చిన్న ముక్క తెచ్చి చూపించాక ఇంకో మూడో వంతు. పని పూర్తయి, వారం ఆగి అంచులు చూశాక మిగతాది. ఆ చిన్న ముక్కని పిల్లల మంచం పక్కన అంటించి పగలొకసారి, రాత్రి లైటు వేసి ఒకసారి చూడండి. పగలు ముచ్చటగా ఉన్న ముదురు నీలం రాత్రి గదిని చీకటి చేయొచ్చు. అచ్చు వేసేటప్పుడే అడుగు వెడల్పు ముక్క అదనంగా అడిగి దాచుకోండి. తర్వాత విడిగా వేయిస్తే రంగు కలవకపోవచ్చు.

ఈ ఆదివారం బీరువా జరిపి ఆ ప్లాస్టిక్ ముక్క అంటించండి. మీవారిని కూడా పిలిచి, మంగళవారం దాన్ని ఇద్దరూ కలిసి తీసి చూడండి. గోడ పొడిగా ఉంటే, కార్డు బాకీ తీరిన నెలలోనే సముద్రం ఖాతా తెరవండి.