తాళం తీశాక కారు అద్దాలు ఎత్తాలంటే

ప్రశ్న: మాది కళింగపట్నం. పదేళ్లు దాటిన కారు వాడుతున్నాను. ఇంజను ఆపి తాళం చెవి తీశాక వెనుక అద్దం దింపి ఉందని గమనిస్తే, మళ్లీ తాళం పెట్టి తిప్పాల్సి వస్తోంది. శ్రీకాకుళంలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ పవర్ విండో రిలే (అద్దాల మోటార్లకు కరెంటు కలిపే, విడదీసే స్విచ్చు) తీసేసి రెండు కాళ్లు కలిపేస్తే చాలన్నాడు. చేయించుకోవచ్చునా?

జవాబు: ఆయన చెప్పినట్టు చేస్తే అద్దాలు కదులుతాయి, కానీ ఆ పని చేయించవద్దు. మీ కారు తరం బండ్లు చాలావాటిలో మోటార్లకు కావలసిన కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా రిలే దాకా వచ్చి ఆగి ఉంటుంది. తాళం తిప్పినప్పుడే రిలేలోని తీగచుట్ట అయిన కాయిల్‌కు కరెంటు అంది, కాంటాక్టులు కలిసి, తలుపుల స్విచ్చులకు సరఫరా వెళుతుంది. రిలే అడుగున కాళ్ల పక్కన అంకెలు ఉంటాయి: 30 బ్యాటరీ వైపు, 87 మోటార్ల వైపు, 85, 86 కాయిల్‌వి. 30ని 87తో కలిపేస్తే స్విచ్చుల్లో రాత్రింబవళ్లు కరెంటు ఉన్నట్టే. ఇంటి ముందు నిలిపిన కారులో పిల్లలు ఎక్కి ఆడుకోవడం మన ఊళ్లలో మామూలే కదా. తల బయటపెట్టిన పిల్లవాడి మోకాలు స్విచ్చు మీద పడితే, అడ్డు తగిలినా వెనక్కి దిగే ఏర్పాటు లేని అద్దం మెడను నొక్కేస్తుంది. అమెరికా వాహన భద్రతా ప్రమాణం 118 కూడా తాళం ఆపాక అద్దాలు ఎత్తడానికి వీలు కల్పిస్తుంది గాని, ముందు తలుపు తెరిచేవరకే.

కాయిల్‌ను నేరుగా బ్యాటరీకి కలపమని మరికొందరు చెబుతారు. అది ఇంకా నష్టం. కాయిల్ సుమారు 0.15 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి రోజుకు 3.6 ఆంపియర్ అవర్లు పోతాయి. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగం అయిదు రోజుల్లోనే ఖర్చవుతుంది. పైగా ఇగ్నిషన్ తీగను (తాళం తిప్పితే కరెంటు వచ్చే తీగను) విడదీయకుండా బ్యాటరీ తీగను దానికే అతికిస్తే, కరెంటు వెనక్కి పారి, తాళం తీసి ఉన్నా ఇగ్నిషన్ మీద నడిచే మిగతా వలయాలన్నీ మేలుకుని ఉంటాయి.

మీకు సరిపడేది ఆఫ్ డిలే టైమర్ రిలే, అంటే తాళం ఆపాక కూడా కొద్దిసేపు కరెంటు ఇచ్చి, గడువు ముగియగానే తానే ఆపేసే రిలే. ముందుగా టెస్ట్ లాంపుతో కాయిల్ కాళ్లలో ఏది తాళం తిప్పినప్పుడు మాత్రమే వెలుగుతుందో చూడాలి; సాధారణంగా అది 86, కొన్ని బండ్లలో 85. ఆ కాలికి వచ్చే తీగను విడదీసి టైమరు ట్రిగ్గరుకు (సంకేతం అందుకునే కాలికి) ఇచ్చి, టైమరు అవుట్‌పుట్‌ను ఆ కాలికి కలిపి, టైమరుకు బ్యాటరీ సరఫరాను 2 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా తీసుకోవాలి. గడువు అర నిమిషం నుంచి నిమిషం దాకా చాలు. మోటార్ల బరువైన కరెంటు కంపెనీ రిలే, కంపెనీ ఫ్యూజు మీదుగానే పోతుంది గనుక లావుపాటి తీగలు వేయనక్కరలేదు. టైమరు వద్దనుకుంటే, నొక్కి ఉంచినంతసేపే పనిచేసే చిన్న స్విచ్చును డాష్‌బోర్డు కింద పెట్టి, ఇగ్నిషన్ తీగకు ఒకటి, స్విచ్చు తీగకు ఒకటి 1ఎన్4007 డయోడు (కరెంటును ఒకే వైపుకు పోనిచ్చేది) వేసి, వాటి తెల్ల గీత ఉన్న కొసలు రెండూ కాయిల్ వైపుకు ఉండేలా కలిపించవచ్చు. వెనక్కి పారే బెడద ఉండదు.

అతుకుల విషయంలో మీరు మరింత జాగ్రత్తపడాలి. సముద్రపు గాలికి రాగి తీగ పచ్చగా తుప్పు పడుతుంది. చేత్తో మెలివేసి టేపు చుట్టిన అతుకు ఒకటి రెండు వానాకాలాలకే వదులవుతుంది. సోల్డరు చేయించి, పైన వేడికి ముడుచుకునే గొట్టం తొడిగించండి.

అద్దాల స్విచ్చులు కంప్యూటరు ద్వారా నడిచే కొత్త బండి అయితే ఇవేవీ చేయించకూడదు.

పని పూర్తయ్యాక తాళం తీసి, గడువు ముగిసేదాకా ఆగి, నాలుగు స్విచ్చులూ నొక్కి చూడండి. ఏ ఒక్క అద్దమైనా కదిలితే బండిని సరిచేయించేదాకా ఇంటికి తీసుకువెళ్లవద్దు.