అమ్మలూ, రైతుల దగ్గర కొనే ముందు

చిరంజీవి అమ్మలుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. ప్రభుత్వ బడుల భోజనానికి కావలసిన కూరగాయలు, పప్పులు, గుడ్లు ఇక మీదట చిన్న రైతుల దగ్గరే నేరుగా కొనాలని నిర్ణయించారనీ, ఆ పని నీకు అప్పగించారనీ చెప్పింది. గర్వంగా అనిపించింది. ఆ వెంటనే ఆమె అన్న ఇంకో మాటకు నిద్ర పట్టలేదు. రైతుల బిల్లులన్నీ నెలాఖరున ఒకేసారి పంపిస్తే పని తేలికవుతుందని నువ్వు అన్నావట. నీకు ఉత్తరం రాయాలని కూర్చోవడానికి కారణం ఆ ఒక్క మాటే.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. రోజూ ఉదయం కాటా సున్నా దగ్గర ఉందో లేదో చూసుకో. ఖాళీ బుట్టల బరువు ముందే తూచి రాసి పెట్టుకో. రసీదు అక్కడికక్కడే ఇవ్వు. వ్యాపారుల్లా తరుగు పేరుతో కిలోకింత కోసేయకు. ఆకుకూరల కట్టల నుంచి నీళ్లు కారుతుంటే మాత్రం దులిపి తూచు, అందులో మొహమాటం అక్కర్లేదు. నీకు మొహమాటం ఎక్కువని నాకు తెలుసు.

లెక్క విషయంలో అందరూ ఒకచోట పొరబడతారు. పిల్లవాడికి 50 గ్రాముల కూరగాయలు, 400 మంది పిల్లలు, అంటే 20 కిలోలు అని రాసేస్తారు. తొక్కలు, తొడిమలు, పుచ్చులు పోయాక 20 మిగలాలంటే దాదాపు 25 కిలోలు రావాలి. ఆకుకూరలైతే ఇంకా ఎక్కువ. వంట చేసే ఆవిడను అడిగితే వారం రోజుల్లో సరైన లెక్క చెబుతుంది. ఆమెను అడగకుండా ఏ కాగితమూ తయారు చేయకు.

ఎంత కావాలో రైతుకు విత్తనం వేయకముందే తెలియాలి. బడి క్యాలెండరు కూడా అప్పుడే అతని చేతిలో పెట్టు. బడికి సెలవులుంటాయి, బెండతోటకు ఉండవు. రోజు విడిచి రోజు కోయకపోతే కాయ ముదిరిపోతుంది. పది రోజుల సెలవంటే అతనికి అయిదు కోతల నష్టం. నేనీ పని చేసిన మొదటి ఏడాది నాకిది తట్టలేదు. సెలవుల్లో కొనేవాళ్లను అతను వెతుక్కోవాలంటే ముందుగా చెప్పాలి కదా.

టెండరు గురించి మీ పైవాళ్లు పట్టుబడితే బ్రెజిల్ సంగతి చెప్పు. అక్కడ 2009లోనే చట్టం చేసుకున్నారు. బడి భోజనాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే డబ్బులో కనీసం 30 శాతం కుటుంబ సేద్యం చేసేవాళ్ల పంటకే ఖర్చు పెట్టాలి. 2026 నుంచి దాన్ని 45 శాతం చేశారు. ఆ శాతాల కన్నా నాకు నచ్చింది కొనే పద్ధతి. టెండరు లేకుండా బహిరంగ ప్రకటనతో కొనవచ్చు. స్థానిక మార్కెట్లలో ధరలు చూసి, సగటు కట్టి, ఇంత ఇస్తామని ముందే చెబుతారు. ఎకరం, రెండెకరాల మనిషి ధరావతు ఎక్కడి నుంచి తెస్తాడు? తక్కువ ధర వేసే పోటీలో పెద్ద వ్యాపారితో ఎలా నెగ్గుతాడు?

ఇక నా తప్పు. మీ అమ్మకు కూడా ఇది పూర్తిగా తెలియదు.

మొదట్లో మాకు పదకొండు మంది రైతులు. తెల్లవారేసరికి సరుకు తెచ్చేవాళ్లు. నాకేమో కాగితాలు శుభ్రంగా ఉండాలని పిచ్చి. బిల్లులన్నీ నెలాఖరుకు ఒకే కట్టగా కట్టి పంపేదాన్ని. ఒకసారి ఆ కట్టలో ఒక రైతు సంతకం లేదని మొత్తం కట్ట ఆపేశాను. అతను ఊళ్లో లేడు, వచ్చేసరికి నెల దాటింది. ఆ తర్వాత పైన ఇంకెవరో ఇంకేదో ప్రశ్న వేశారు. అలా నాలుగు నెలలు గడిచాయి. ఒక్క రైతూ గొడవ చేయలేదు. సరుకు కూడా ఆగలేదు. అంతా బాగానే ఉందనుకున్నాను.

అంతకు ముందు మాకు వచ్చే టమాటాలు ఒకటి గోలీ అంత ఉంటే ఇంకొకటి పిడికిలంత ఉండేది. తొడిమలకు మట్టి అంటి ఉండేది. ఒకరోజు పొద్దున అన్నీ ఒకే సైజువి, తుడిచినట్టు నున్నగా, నీలం ప్లాస్టిక్ పెట్టెల్లో వచ్చాయి. పెట్టె పక్కన ఎర్ర రంగుతో వేసిన గుర్తు ఉంది. మార్కెట్లో కమీషన్ వ్యాపారులు వేసుకునే లాంటిది. దాన్ని వేలితో తడిమి కూడా చూశాను. ఆ పక్కనే రిజిస్టరులో మా రైతు పేరు, అతని సంతకం. పొయ్యి వెలిగించే వేళయింది. తూచి, రాసి, లోపలికి పంపేశాను. మర్నాడూ అంతే. మూడు నెలలు అలాగే రాశాను అమ్మలూ. పుస్తకంలో ఎక్కడా తప్పు లేదు మరి.

చివరికి ఆ రైతు పొలానికి వెళ్లాను. టమాటా కర్రలు పీకి గట్టు మీద పేర్చి ఉన్నాయి, మడి బీడు. అతను మంచినీళ్లిచ్చి, కాస్త సిగ్గుపడుతూ చెప్పాడు. "మీ డబ్బు వచ్చేలోగా నా అప్పు పిల్లలు పెట్టింది మేడమ్. కోత కూలి ఏ రోజుకారోజు ఇవ్వాలి. వ్యాపారి బాకీ తీరుస్తానన్నాడు, నా పేరు వాడుకుంటానన్నాడు, సరేనన్నాను." కాసేపాగి, "పిల్లలకు కూర ఆగలేదు కదమ్మా" అన్నాడు. కోప్పడినా బాగుండేది.

అందుకే చెబుతున్నాను, ఏ లోడు బిల్లు ఆ రోజే పంపు. ఒకరి కాగితంలో తప్పుంటే ఆ ఒక్కటే ఆపు. పదిహేను రోజుల్లో డబ్బు ఇస్తామని చెప్పే ముందు అది నిజంగా సాధ్యమో కాదో కనుక్కో. ముప్పై పడుతుందంటే ముప్పై అనే చెప్పు. పంట కాలానికి ఒక్కసారైనా మడిలోకి దిగి చూడు. బీడు పొలం పేరుతో సరుకు వస్తుంటే అడగాల్సింది ముందు రైతును కాదు, నీ బిల్లుల కట్టను.

ఇంకో భయం ఉంది, ఎన్నాళ్లయినా పోదు. 2013 జులైలో బీహార్‌లోని ఒక బడిలో భోజనం చేసి 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. అప్పటి నుంచి పొలం వైపు నుంచి ఏ పాత డబ్బా వచ్చినా నా గుండె జారిపోతుంది. డబ్బా ఎంత కడిగినదైనా సరే, అందులో నూనె కాదు కదా నీళ్లు కూడా తీసుకోకు. మందు కొట్టిన తేదీ రైతుతోనే రాయించు. కొట్టాక ఎన్నాళ్లకు కోయాలో డబ్బా మీదే ఉంటుంది. వేరుశనగలో బూజు కనిపిస్తే తిప్పి పంపించేయి. అందులోని విషం వండినా పూర్తిగా పోదు. చిన్నప్పుడు అత్తరు అమ్మేవాడు పొగిడాడని మూడు సీసాలు కొన్న పిల్లవి నువ్వు. ఈ ఒక్కచోట మాత్రం ముఖం మీదే కాదను. ఎందుకు వద్దంటున్నావో చెప్పి, మర్నాడు మళ్లీ తెమ్మను.

నా పాత రిజిస్టర్లు అటక మీద ఉన్నాయి. ఆదివారం దింపించి దుమ్ము దులిపిస్తాను, వచ్చి పట్టుకెళ్లు. నీలం పెట్టెలు వచ్చిన రోజు పేజీకి మూల మడిచి ఉంటుంది. పొద్దున్నే బయలుదేరు. ఏమీ తినకుండా మాత్రం రాకు, ఆ అలవాటు నీకు ఇంకా పోలేదని మీ అమ్మ చెప్పింది.

ఇట్లు,
మీ పెద్దమ్మ