పాత ఇండీ స్నోమొబైల్ కొన్న మేనల్లుడికి: మంచు పడేలోపు చేయాల్సిన పనులు

అల్లుడూ,

నీ మెసేజ్, ఫోటోలు, నువ్వు రాసుకున్న లిస్టు అన్నీ చూశాను. బండి మంచిదే కొన్నావు. 90ల నాటి పొలారిస్ ఇండీ 500 స్నోమొబైల్, అంటే మంచు మీద నడిచే బండి, 488 సీసీ లిక్విడ్ కూల్డ్ ట్విన్, మొండి ఇంజిన్ అది. మన మిన్నెసోటా రాష్ట్రంలోనే, రోజో ఊళ్లో పుట్టిన కంపెనీ కాబట్టి ఉత్తరాన ఏ ఊరికెళ్లినా ఆ బండి గురించి తెలిసినవాళ్లు, షెడ్డులో దాని పార్టులు దాచుకున్నవాళ్లు కనిపిస్తారు. ఒక్క విషయం మాత్రం సూటిగా చెప్తున్నా, నీ లిస్టు తలకిందులుగా ఉంది. సైలెన్సర్ పైపు మార్చడం, పవర్ పెంచడం మొదట రాశావు, పెట్రోలు పైపుల సంగతి అసలు రాయనే లేదు. ముప్పై ఏళ్ల బండికి ముందు నమ్మకం రావాలి, తర్వాత అది చెప్పినట్టు తిరగాలి, పవర్ సంగతి ఆ తర్వాతే. ఊరికి పదిహేను మైళ్ల దూరంలో, మైనస్ 20 ఫారెన్‌హీట్ చలిలో, చీకటి పడ్డాక బండి ఆగిపోతే నీ కొత్త పైపు నిన్ను ఇంటికి చేర్చదు.

కాబట్టి మొదటి పని రబ్బరు. పెట్రోలు పైపులు, ఆయిల్ పైపులు, కార్బురేటర్లకీ ఇంజిన్‌కీ మధ్య ఉండే రబ్బరు బూట్లు, ఇవన్నీ చేత్తో నొక్కి, వంచి చూడు. గట్టిపడినా, సన్నగా పగుళ్లు కనిపించినా ఆలోచించకుండా మార్చేయి, పెద్ద ఖర్చేం కాదు. ఇది ఎందుకంత ముఖ్యమో అర్థం చేసుకో. టూ స్ట్రోక్ ఇంజిన్‌లోకి ఆ పగులు గుండా అదనపు గాలి దూరితే మిశ్రమం పలచబడుతుంది, పెట్రోలు తగ్గి వేడి పెరుగుతుంది, చివరికి పిస్టన్ కరిగి చిల్లుపడుతుంది. చూడ్డానికి చిన్న పగులే, ఖర్చు మాత్రం ఇంజిన్ అంత. ఇంజిన్ తిప్పే క్రాంక్ షాఫ్ట్ చివర్లలో గాలి దూరకుండా ఉండే సీల్స్ పోయినా ఇదే జరుగుతుంది. అందుకే నువ్వు బండి మీద ఇంకో డాలరు పెట్టేముందు కంప్రెషన్ టెస్ట్ చేయి, అంటే సిలిండర్ లోపల ఒత్తిడి ఎంత వస్తోందో కొలువు. ప్లగ్గులు రెండూ తీసి వాటి వైర్లను ఎర్త్ చేసి, ప్లగ్గు రంధ్రంలో గేజ్ బిగించి, త్రాటిల్ పూర్తిగా నొక్కి పట్టుకుని తాడు లాగితే గేజ్ మీద సంఖ్య వస్తుంది. రెండు సిలిండర్ల మధ్య తేడా పది శాతం దాటకూడదు. దాటితే మిగతా లిస్టంతా పక్కన పెట్టి నాకు ఫోన్ చేయి.

కార్బురేటర్లు విప్పి శుభ్రం చేయాల్సిందే. ఇథనాల్ కలిసిన పెట్రోలు నెలల తరబడి నిలవుంటే తేమ పీల్చుకుంటుంది, జిగురులా పట్టేస్తుంది, ముందు మూసుకుపోయేది పైలట్ జెట్, అంటే త్రాటిల్ తక్కువగా ఉన్నప్పుడు పెట్రోలు పంపే ముక్క, ఎందుకంటే దాని రంధ్రం అంత సన్నగా ఉంటుంది. తీగతో పొడవకు, రంధ్రం పెద్దదైపోతుంది. క్లీనర్ స్ప్రే, గాలి, ఓపిక, ఇవి చాలు. విప్పుతూ ప్రతి దశలో ఫోటో తీసుకో. కుడిదాని భాగాలు కుడి డబ్బాలో, ఎడమదానివి ఎడమ డబ్బాలో. తిరిగి బిగించాక రెండు కార్బురేటర్లూ ఒకేసారి తెరుచుకుంటున్నాయా, ఆయిల్ పంపు మీద గుర్తు సరిగ్గా కలుస్తోందా చూడు. అది కలవకపోతే ఇంజిన్‌కి ఆయిల్ తక్కువైనా వెళ్తుంది, ఎక్కువైనా వెళ్తుంది.

ఇంకో మాట, త్రాటిల్ పూర్తిగా నొక్కినప్పుడు పెట్రోలు పంపే మెయిన్ జెట్‌ని ఎండాకాలంలో మార్చి "బాగానే నడుస్తోంది" అనుకోవద్దు. చల్లగాలి చిక్కగా ఉంటుంది, జూలైలో సరిపోయిన జెట్ జనవరిలో చిన్నదైపోతుంది. ఎంత చలికి, ఎంత ఎత్తుకు ఏ జెట్ అన్నది మాన్యువల్‌లో చార్ట్ ఉంటుంది, దాన్నే పట్టుకో. అలాగే గ్యారేజీ ముందు ఎక్కువసేపు స్టార్ట్ చేసి ఉంచకు. కూలెంట్ చల్లబడేది ట్రాక్, అంటే బండి కింద తిరిగే రబ్బరు పట్టీ, ఎగజిమ్మే మంచు వల్ల, మంచు లేకపోతే కాసేపట్లోనే వేడెక్కిపోతుంది.

ఇంజిన్ పవర్‌ని బెల్ట్ ద్వారా ట్రాక్ వైపు పంపే రెండు క్లచ్‌ల గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే పాత బండిలో పోయిందనుకున్న పవర్ చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. ముందు క్లచ్‌లో స్ప్రింగు, బరువులు, రోలర్లు, బుష్‌లు ఉంటాయి, వెనక క్లచ్‌లో స్ప్రింగు, హీలిక్స్ అనే వాలు అంచుల ముక్క, దాని మీద జారే ప్లాస్టిక్ బటన్లు. ఇన్నేళ్లలో స్ప్రింగులు నీరసపడతాయి, రోలర్లు ఒకపక్క అరుగుతాయి, అప్పుడు బండి కదిలేటప్పుడు గుంజుతుంది, పై స్పీడులో ఇంజిన్ ఉండాల్సిన ఆర్పీయం దగ్గర ఉండదు. కొత్త స్ప్రింగులు, బటన్లు, బుష్‌లు వేసి, రెండు క్లచ్‌లూ ఒకే వరసలో ఉన్నాయో లేదో కొలిచి, కంపెనీ బెల్ట్ కొత్తది వేస్తే అదే బండి వేరే బండిలా అనిపిస్తుంది. పైపు మార్చినా రానంత తేడా ఇక్కడ వస్తుంది, నా మాట నమ్ము. కానీ ముందున్న క్లచ్‌ని సుత్తితో కొట్టి ఊడదీసే పని పెట్టుకోకు, దానికి పుల్లర్ బోల్టు ఉంటుంది. మూత కింద స్ప్రింగు బిగుతుగా ఉంటుంది, మొహం మీదికి ఎగరగలదు, సరైన టూల్ లేకుండా తెరవొద్దు. బెల్ట్ గార్డు తీసేసి ఇంజిన్ నడపడం ఎప్పుడూ వద్దు, చూపించడానికి కూడా వద్దు.

బండి వెనక భాగం స్టాండు మీదికి ఎత్తి, బెల్ట్ తీసేసి, ట్రాక్‌ని చేత్తో తిప్పు. గరగరమంటే బేరింగులు పోయినట్టే. ట్రాక్ లోపల తిరిగే చిన్న బోగీ చక్రాలు, డ్రైవ్ షాఫ్ట్, జాక్ షాఫ్ట్ అన్నీ ఒక్కొక్కటే పట్టుకుని ఊపి చూడు. చైన్ కేసు ఆయిల్ మార్చు, పాత ఆయిల్‌లో ఇనుప రజను కనిపిస్తే చైన్, గేర్లు తీసి చూడాలి. ట్రాక్ జారే పట్టాల కింద ఉండే హైఫాక్స్ అనే ప్లాస్టిక్ పట్టీలు గీత దాకా అరిగితే కొత్తవి వేయి. సస్పెన్షన్ షాఫ్టులకి గ్రీజు ఎక్కించు, తుప్పు పట్టి బిగుసుకుపోయినవి ఇప్పుడు తీయడమే నయం, నవంబరులో వేళ్లు కొంకర్లు పోతాయి. పట్టాలకి పగుళ్లున్నాయేమో టార్చి వేసి మరీ చూడు.

ఇక అప్‌గ్రేడ్లు. నన్నడిగితే డబ్బు పెట్టాల్సిన మొదటి చోటు స్కీలు. పాత ఇనుప స్కీల బదులు వెడల్పాటి ప్లాస్టిక్ స్కీలు, కింద మంచుని పట్టుకునే కొత్త కార్బైడ్ కడ్డీలు వేస్తే, ముందు వెళ్లిన బండ్ల గాడుల్లో పడి హ్యాండిల్ అటూ ఇటూ లాగడం బాగా తగ్గుతుంది. సిమన్స్ వాళ్ల స్కీలు, కింద రెండు నిలువు అంచులుండేవి, చాలామంది వాడతారు. స్కీలు వేసేముందు స్కీలని హ్యాండిల్‌కీ, బండికీ కలిపే టై రాడ్ ఎండ్లు, రేడియస్ రాడ్లు వదులుగా ఉన్నాయేమో చూడు, అవి వదులుగా ఉంటే ఎంత ఖరీదైన స్కీ వేసినా అంతే. రెండోది షాక్ అబ్సార్బర్లు. విప్పి బాగుచేయగలిగే రకమైతే ఆయిల్, సీల్స్ మార్పించు, కానీ లోపల ఒత్తిడితో నైట్రోజన్ ఉంటుంది, అది షాపులో చేయించు. నీ బరువుకి తగ్గ స్ప్రింగులు కూడా అప్పుడే అడుగు.

ట్రాక్ మార్చాలనుకుంటే 121 అంగుళాలదే ఉంచు, లగ్, అంటే ట్రాక్ మీది రబ్బరు పళ్ల, ఎత్తు అంగుళం దాటి ఎంత పెట్టొచ్చో టన్నెల్‌లో, అంటే ట్రాక్ పైన ఉండే బండి గూడులో, ఖాళీ కొలిచాకే తేల్చు, పిచ్ (పళ్ల వరసల మధ్య దూరం) 2.52 అంగుళాలు, అది ట్రాక్‌ని తిప్పే పళ్ల చక్రాలకి సరిపోవాలి. ట్రాక్‌కి స్టడ్లు, అంటే ఇనుప మేకులు, వేస్తే టన్నెల్ ప్రొటెక్టర్లు తప్పనిసరి, లేకపోతే ఆ మేకులే టన్నెల్‌లో ఉండే కూలర్‌ని చీల్చేస్తాయి. తారు వేసిన ట్రెయిల్ మీద మన రాష్ట్రంలో స్టడ్లకి అనుమతి లేదు, నువ్వు తిరిగే దారి చూసుకుని నిర్ణయించుకో.

ఎల్ఈడీ హెడ్‌లైట్ అన్నావు. మంచి ఆలోచనే, కానీ బ్యాటరీ లేని ఈ బండిలో లైట్లకి వచ్చేది ఏసీ కరెంటు, మామూలు ఎల్ఈడీ బల్బు పెడితే మిణుకుమిణుకుమంటుంది. ఏసీకి పనిచేసేదే కొను, లేదా మధ్యలో ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ పెట్టు. హ్యాండ్ వార్మర్లు మాత్రం పనిచేయకపోతే ఈ వేసవిలోనే మార్చేయి. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియదు కాబట్టి అదీ మార్చేయి. త్రాటిల్ దగ్గర ఉండే సేఫ్టీ స్విచ్‌ని కొందరు వైరు కలిపి పక్కకి తప్పిస్తారు, పాత ఓనరు అలా చేశాడేమో చూసి మళ్లీ కలుపు. కార్బురేటర్ స్లైడు ఇరుక్కుపోయినప్పుడు ఇంజిన్‌ని ఆపేది అదే. దానికి తోడు, నువ్వు కింద పడితే ఇంజిన్ ఆగిపోయేలా నడుముకి కట్టుకునే టెథర్ తాడు పెట్టించు.

పైపు సంగతి. అది మారిస్తే జెట్లు మారాలి, క్లచ్ బరువులు మారాలి, శబ్దం పెరిగితే చట్టం ఒప్పుకోదు. పల్లెల్లో ట్రెయిళ్లు చాలావరకు రైతుల పొలాల మీదుగా, వాళ్ల దయతో వెళ్తాయి. శబ్దానికి విసిగి ఒక్క రైతు కాదన్నా ఆ దారి అందరికీ మూతపడుతుంది. ఈ ఏడాదికి దాన్ని వదిలేయి.

ఇంకా చిన్నవి: పెట్రోలు పనులు చేసేటప్పుడు గ్యారేజీ తలుపు తెరిచిపెట్టు, అక్కడే మీ వాటర్ హీటర్ ఉంది, దాని మంట సంగతి మర్చిపోకు. ఎలుకలు లోపల గూడు పెట్టకుండా సైలెన్సర్ మూతిలో స్టీల్ వూల్ కుక్కి, స్టార్ట్ చేసేముందు తీయాలని హ్యాండిల్‌కి చీటీ కట్టు. నువ్వు 1976 తర్వాత పుట్టినవాడివి కాబట్టి సేఫ్టీ ట్రైనింగ్ సర్టిఫికెట్ లేకుండా ఇక్కడ నడపకూడదు, అది ఇప్పుడే పూర్తి చేయి. ట్రెయిళ్లు డిసెంబరు 1 నుంచి తెరుస్తారు, అక్టోబరులో షాపులన్నీ కిక్కిరిసిపోతాయి, పార్టులు ఇప్పుడే ఆర్డర్ పెట్టు.

నా దగ్గర కంప్రెషన్ గేజ్, క్లచ్ పుల్లర్ రెండూ ఉన్నాయి. వచ్చే శనివారం పొద్దున్నే తెస్తాను. ఈలోపు రబ్బరు పైపులన్నీ చూసి, ఏవేవి మార్చాలో పొడవు, లోపలి వ్యాసం కొలిచి రాసి ఉంచు. అక్కకి మాత్రం గ్యారేజీ ఆ రోజు మనదే అని ముందే చెప్పు.

మీ మామయ్య