బోర్డు మీది ఒక్క అక్షరం

ప్రశ్న: సార్, హన్మకొండలో మేం చిన్న పుస్తకాల షాపు పెట్టి రెండు నెలలైంది. బోర్డు మీద 'స్టేషనరీ' అని ఇంగ్లిష్‌లో రాయించాం, చివరి ఆర్‌కు ముందు ఏ పెట్టి. మొన్న ఇంటర్ చదివే పిల్ల వచ్చి, "ఆంటీ, స్పెల్లింగ్ తప్పు" అన్నది. పెయింటరేమో రెండూ ఒకటే అంటాడు. బోర్డు చూసినప్పుడల్లా టెన్షన్. ఏది కరెక్టు? ఇలాంటివి ఎట్లా గుర్తుపెట్టుకోవాలి?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: ఆ పిల్ల చెప్పిందే నిజం అమ్మా. అక్కడ ఈ ఉండాలి. ఏ పెడితే 'కదలకుండా ఉన్నది' అని అర్థం. కాజీపేట దగ్గర సిగ్నల్ కోసం ఆగిన గూడ్సు బండికి ఆ మాట సరిపోతుంది.

అయితే పెయింటర్‌ను మరీ తప్పుపట్టలేం. ఆ రెండు మాటలూ ఒక్క తల్లి పిల్లలే. మధ్యయుగాల ఐరోపాలో ఊళ్లు తిరిగి అమ్ముకునేవాళ్లు ఉండేవాళ్లు. అట్లా తిరగకుండా, విశ్వవిద్యాలయాల దగ్గర ఒకచోట అంగడి పెట్టుకొని పుస్తకాలు అమ్మేవాణ్ణి స్టేషనర్ అన్నారు. అతని అంగట్లో దొరికే కాగితాలు, కలాలు తర్వాత స్టేషనరీ అయ్యాయి. అంటే మీ షాపుకు ఆ పేరు చాలా పాతది! స్టేషనర్ చివర ఈ-ఆర్, పేపర్ చివర ఈ-ఆర్, లెటర్ చివరా ఈ-ఆర్. పేపర్ అమ్మే చోట ఈ-ఆర్ అని గుర్తుపెట్టుకోండి.

నన్ను ఇంతకన్నా బాధపెట్టిన జంట ప్రిన్సిపల్. ముప్ఫై ఏళ్లు ఇంగ్లిష్ చెప్పాను. లీవ్ లెటర్లలో కాలేజీ పెద్దకు చివర ఎల్-ఈ పెట్టి ఇచ్చేవాళ్లు. ఎల్-ఈ పెడితే అది సూత్రం, నియమం. రూల్ చివర కూడా ఎల్-ఈయే కదా. కాలేజీ పెద్దకూ, అప్పులో అసలుకూ ఏ-ఎల్ రావాలి. మా నాన్న ఎనుమాముల మార్కెట్లో పత్తి అమ్మి వచ్చిన రాత్రి అసలు ఒక పక్క, మిత్తి ఒక పక్క రాసేవాడు. అది గుర్తొచ్చే పిల్లలతో 'అసల్' అని గట్టిగా పలికించేవాణ్ణి. చివర వినబడే 'అల్' ఏ-ఎల్ అన్నమాట. ఆ తర్వాత ఎవరూ తప్పు రాయలేదు.

తెలుగులో దాదాపు పలికినట్టే రాస్తాం కాబట్టి మనకు ఇది వింతగా ఉంటుంది. ఇంగ్లండులో 1476లో కాక్స్‌టన్ అచ్చుయంత్రం పెట్టాక రాత మెల్లగా గట్టిపడింది, పలుకు మాత్రం మారుతూ పోయింది. యోధుణ్ణి నైట్ అంటారు, రాత్రినీ నైట్ అంటారు. యోధుడి మాటకు ముందున్న కే ఒకప్పుడు నోటితో పలికిందే.

పెయింటర్‌ను పిలిచి ఆ ఒక్క అక్షరం మార్పించండి. జూన్‌లో బడులు తెరిచేలోపే చేయించండి అమ్మా, నోట్సులు కొనడానికి వచ్చే పిల్లలు ఆ బోర్డు చదువుతారు.