కోలుకుంటున్న తమ్ముడికి అమ్మ నిద్రమాత్రలు ఇవ్వవచ్చా?

ప్రశ్న: మా తమ్ముడికి 22 ఏళ్లు. కాలేజీలో ఉండగా మద్యానికి, ట్రమడాల్ నొప్పి మాత్రలకు అలవాటుపడి చదువు మానేశాడు. డీఅడిక్షన్ చికిత్స అయ్యాక ఆరు నెలలుగా యువకుల పునరావాస కార్యక్రమానికి వెళ్తూ ఎలక్ట్రికల్ పని నేర్చుకుంటున్నాడు. చాలా మారాడు. బాగైపోయానంటూ మూడు వారాల కిందట డిప్రెషన్‌కు వాడుతున్న ఎస్సిటాలోప్రామ్ మానేశాడు. తర్వాత నిద్ర పట్టడం లేదంటే, అమ్మ నిద్రకు వాడే అల్ప్రాజొలామ్ రోజూ రాత్రి సగం మాత్ర ఇస్తున్నాం. వచ్చే నెల మళ్లీ కాలేజీలో చేర్పించవచ్చా?
– ఒక పాఠకురాలు

సలహా: మీరు కాలేజీ గురించి అడిగారు. నాకు ఆందోళన కలిగించింది మాత్రం ఎస్సిటాలోప్రామ్ మానేయడం, అమ్మ మాత్ర ఇవ్వడం గురించి మీరు మామూలు విషయాల్లా రాసిన మాటలు. ముందు వాటి సంగతి చూద్దాం.

ఎస్సిటాలోప్రామ్ వంటి మందును ఒక్కసారిగా ఆపేస్తే, కొద్ది రోజుల్లోనే నిద్ర చెడిపోవడం, తల తిరగడం, చిరాకు, తలలో కరెంటు షాక్ కొట్టినట్లు అనిపించడం వంటివి కొందరిలో కనిపిస్తాయి. అవి సాధారణంగా వారం రెండు వారాల్లో తగ్గుముఖం పడతాయి. మూడు వారాలైనా నిద్ర పట్టడం లేదంటే, ముఖ్యంగా తెల్లవారుజామునే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర రావడం లేదంటే, డిప్రెషన్ తిరగబెడుతోందేమో చూడాలి. మనిషిని పరీక్షించకుండా ఇది ఫలానా అని నేను తేల్చి చెప్పలేను. అయితే మందు మానడం వల్ల వచ్చిన ఇబ్బందికి ఇంకో మందు వేస్తున్నారేమో అన్న అనుమానం మాత్రం నాకు బలంగా ఉంది.

ఆ ఇంకో మందు అల్ప్రాజొలామ్ కావడం మరీ ప్రమాదకరం. మెదడులో మద్యం ప్రభావం చూపే వ్యవస్థ మీదే ఇదీ పనిచేస్తుంది. కొన్ని వారాలు వరుసగా వాడితే ఎవరికైనా అలవాటు కావచ్చు. ఒకసారి వ్యసనం నుంచి బయటపడినవారికి ఆ ముప్పు ఇంకా ఎక్కువ. మద్యంతోగానీ ట్రమడాల్‌తోగానీ కలిస్తే శ్వాస మందగించి ప్రాణం మీదికి వస్తుంది. పైగా ఆరు నెలలు దూరంగా ఉన్న శరీరం ఒకప్పటి మోతాదును తట్టుకోలేదు. ఏదో ఒక బలహీన క్షణంలో పాత లెక్కన మాత్రలు మింగి చనిపోయేవారు ఇలా కోలుకుంటున్నవారిలోనే ఉంటారు. సగం మాత్రే కదా అని మీరు అనుకున్నారు. మీ ప్రేమను నేను తప్పుపట్టను, కానీ ఒకరికి రాసిన మందును మరొకరికి ఇవ్వడం ఈ ఇంట్లో అసలు జరగకూడదు. అలాగని రోజూ వేసుకుంటున్న అల్ప్రాజొలామ్‌ను మీ అంతట మీరు హఠాత్తుగా ఆపినా ఫిట్స్ వచ్చే అవకాశం ఉంది. ఎలా తగ్గించాలో డాక్టరే చెప్పాలి. మానేసిన ఎస్సిటాలోప్రామ్‌ను కూడా పాత డోసులో మీరే మొదలుపెట్టించకండి.

రేపే కార్యక్రమంలోని కౌన్సెలర్‌కు జరిగినదంతా చెప్పి, ఒకటి రెండు రోజుల్లో సైకియాట్రిస్టుకు చూపించండి. చెబితే కార్యక్రమం నుంచి తీసేస్తారేమోనని చాలా కుటుంబాలు దాచిపెడతాయి. ఆ ఆలస్యమే ఎక్కువ నష్టం చేస్తుంది. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అని మీరే అతణ్ణి సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. లేపినా సరిగ్గా లేవకపోయినా, ఊపిరి నెమ్మదించినా, ఫిట్స్ వచ్చినా అంతే. అమ్మ మాత్రలను ఈ రోజే తాళం వేసి పెట్టండి.

ఇక కాలేజీ. చేరాలా వద్దా అన్నది అతనూ కౌన్సెలరూ కలిసి తేల్చుకోవలసిన విషయం. నన్నడిగితే వచ్చే నెలే అన్న తొందర వద్దంటాను. పొద్దున్నే లేచి, వేళకు పనిలోకి వెళ్లి, పని నేర్పేవారితో మాట పడినా మర్నాడు మళ్లీ వెళ్లగలగడం అతని చికిత్సలో భాగమే. నిద్ర, మందులు కుదుటపడ్డాక, ఈ పని మానకుండానే ఒకటి రెండు సబ్జెక్టులతో చదువు మొదలుపెట్టే వీలుంటే ఆలోచించవచ్చు. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు పాత చీటీలతో పాటు అమ్మ మాత్రల స్ట్రిప్ కూడా తీసుకెళ్లండి. అతను ఎన్ని వేసుకున్నాడో ఇంటికొచ్చాక కాదు, అక్కడే అతని ముందే చెప్పండి.